ఏడు చుక్కలు

మా తెలుగు సారు కంట్లో నేను మొదటిసారి పడింది ఒక దొంగ పని చేస్తూనే. 2002లో, ఎనిమిదో తరగతి మొదలైన రెండో నెల అనుకుంటా. నా దగ్గరున్నది మా అక్క చదివి అటక మీద పడేసిన పుస్తకం. అందులో ఒక పాఠం నడుమ ఎలుక కొట్టిన బొక్క, రూపాయి బిళ్లంత. ఆ రోజు సారు నన్నే లేపి చదవమన్నారు. బొక్క వచ్చిన చోటల్లా ఎక్కడా ఆగకుండా, ముందు మాట వెనక మాట చూసుకుని, మధ్యలో ఏముండాలో నేనే అల్లేసి గడగడా చదివేశాను. క్లాసులో ఒక్కరికీ అనుమానం రాలేదు. సారు చేతిలో పుస్తకం కూడా లేదు, కిటికీ దగ్గర నిలబడి బయట వేపచెట్టు వంక చూస్తున్నారు. పాఠం అయ్యాక పుస్తకం పట్టుకు రమ్మన్నారు. పేజీ ఎత్తి పట్టుకుని ఆ బొక్కలోంచి ఒక కన్నుతో నన్ను చూశారు.

"మంచిగ అతికిచ్చినవ్ బిడ్డా. అర్థం ఎక్కడ తప్పలే. గని ఈడ బొక్క ఉన్నది. బొక్క ఉన్నకాడ బొక్క ఉన్నదనే చదువాలె."

కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ మాట కొట్టినదానికంటే ఎక్కువగా తగిలింది, ఎందుకంటే నేను ఆ అతుకుల గురించి లోపల కొంచెం గర్వపడుతూ ఉన్నాను.

మాది గంగాధర, చొప్పదండి వైపు ఊరు. అప్పుడు పాత కరీంనగర్ జిల్లా. నాన్న పని కోసం దుబాయి పోయి రెండేళ్లకే తిరిగొచ్చి అప్పులు తీరుస్తున్న రోజులు, ఇల్లు నడిచేది అమ్మ చేసే బీడీల మీద. బడి నుంచి రాగానే నేనూ చాట ముందేసుకుని కూర్చునేదాన్ని. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే తర్వాత దీనితో పని పడింది.

సారు గురించి ముందే ఒక మాట చెప్పాలి, ఆయన అందరూ మెచ్చే టీచర్ ఏమీ కాదు. సిలబస్ ఏనాడూ టైముకి పూర్తి చేయలేదు. కాంపోజిషన్ నోట్సులు దిద్దకుండా టేబుల్ మీద కుప్ప పడి ఉండేవి. పద్యం చెప్తూ చెప్తూ ఒక మాట దగ్గర ఆగి, ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ ఊళ్లో ఏమంటారు అని పోయి పోయి బెల్లు కొట్టేదాకా తిరిగి వచ్చేవారు కాదు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు హెడ్మాస్టరుకి రెండుసార్లు చెప్పారు కూడా. వాళ్లది తప్పు అని ఇప్పటికీ అనలేను.

కానీ ఆయన లూనా బండికి ఎప్పుడూ ఒక ఖాకీ సంచి వేలాడేది. అందులో ఏముంటుందని మాకు బాగా కుతూహలం. టిఫిన్ కాదు. ఒక టార్చిలైటు, నీళ్ల సీసా, గుర్రపు వెంట్రుకల బ్రష్షు, చుట్ట చుట్టిన కాగితాలు, మసి అంటిన ఒక గుడ్డ మూట. ఊళ్లో కొందరు ఆయన గుప్తనిధుల కోసం తిరుగుతున్నాడని గట్టిగా నమ్మేవాళ్లు.

ఆయన తిరిగేది శాసనాల కోసం. చిన్నప్పుడు వాళ్ల ఊరికి శాసనాల అచ్చులు తీసేవాళ్లు వస్తే, నాలుగు రోజులు వాళ్ల వెంట బకెట్ మోసి ఆ పని నేర్చుకున్నారట. యూనివర్సిటీలో చదివింది కాదు, ఎవరూ జీతం ఇచ్చేది కాదు. సెలవు దొరికితే లూనా స్టార్ట్ చేయడమే.

మా ఊరి చెరువు కట్ట మీద, హనుమంతుడి గుడి వెనక, ఒక నిలువు బండ ఉంది. నా నడుమంత ఎత్తు. అందరూ 'రాసిన బండ' అనేవాళ్లు. బర్రెలు వీపు గోక్కోవడానికి తప్ప దానితో ఎవరికీ పని లేదు. కింద ఒక పక్క ఎవరో ఎప్పుడో బంగారం కోసం తవ్విన గుంత కూడా ఉండేది, అందుకే అది కొద్దిగా పక్కకు వాలింది. దసరా సెలవుల్లో ఒక పొద్దున సారు నన్ను, ఇంకో ఇద్దరు మగపిల్లల్ని అక్కడికి రమ్మన్నారు. నన్నెందుకు పిలిచారో అప్పుడు తెలియలేదు. శిక్ష అనుకున్నాను. నీళ్లు మోయడమే పని కాబట్టి ఆ అనుమానం చాలాసేపు పోలేదు కూడా.

ముందు బండను కడిగాం. సున్నం పొరలు, కాకి రెట్టలు, ఎవరో పెట్టిన పసుపు కుంకుమ, అన్నీ. ఇనుప తురుము వద్దు, గోరు కూడా తగలనివ్వద్దు, నీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. కొందరు అక్షరాలు తేటగా కనపడాలని సుద్దో పిండో రుద్దుతారు, సారు అలా చేసేవాళ్ల మీద మండిపడేవారు. రాయిని పాడు చేస్తుందనేది ఒక కారణం, రెండోది, రుద్దే చేయి తను అనుకున్న అక్షరాన్నే రుద్దుతుందని. బండ తడిసేసరికి పైన చిన్న సూర్యుడు, పక్కన చంద్రవంక బయటపడ్డాయి. ఎన్ని వందల సార్లు ఆ పక్క నుంచి నడిచి ఉంటాను, ఒక్కసారి కూడా చూడలేదు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుందని గుర్తు అన్నారు సారు. ఆచంద్రార్కం అన్న మాట నాకు అలా, ఒక బొమ్మగా, ముందు కంటికి తగిలి తర్వాత చెవికి చేరింది.

తర్వాత అచ్చు తీయడం. మ్యాప్‌లితో కాగితాన్ని నీళ్లలో తడిపి బండ మీద పరచాలి. నడుమ నుంచి అంచుల వైపు బ్రష్షుతో చిన్నగా కొడుతూ పోవాలి, కింద గాలి బుడగ మిగలకూడదు, కాగితం అక్షరాల గాడిలోకి దిగాలి. అది సగం ఆరాక, జిగురులో కలిపిన దీపపు మసిని గుడ్డ మూటతో అద్దాలి. రాయి పైభాగం నల్లగా అవుతుంది, గాడిలో ఉన్న అక్షరం తెల్లగా మిగులుతుంది. చెప్పడానికి నాలుగు మాటలే. ఆ రోజు మా సారు వరసగా రెండు కాగితాలు పాడు చేశారు. ఒకటి ఎండకు ఆరిపోయి మధ్యలో లేచిపోయింది, రెండోది ఇంకా పచ్చిగా ఉండగానే మసి అద్దితే అంతా పాకి, అక్షరాల్లోకి దిగి నల్ల మచ్చలా అయిపోయింది. సంచిలో ఇంకొక్కటే మిగిలింది.

మూడోది పరిచి, కాసేపు ఆగి, సారు మూట చేతిలోకి తీసుకున్నారు. నేను అప్రయత్నంగా కాగితం అంచు బొటనవేలితో తడిమి, "సార్, ఇంకా కాలేదు" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

తునికాకు వల్ల తెలుసు. బీడీల ఆకును నీళ్లలో తడిపి గోనెపట్టాలో చుట్టి పెడతాం, పొద్దున తీసి రేకు ముక్క పెట్టి కత్తిరిస్తాం. తడి తక్కువైతే కత్తెర పడగానే పటుక్కున విరుగుతుంది, ఎక్కువైతే చుట్టిన బీడీ బూజు పట్టి కార్ఖానాలో ఛాట్ కింద పక్కకు పారేస్తారు, ఆ కూలి పోయినట్టే. సరైన తడి ఏదో చూపుడువేలికి, బొటనవేలికి మధ్యన తెలుస్తుంది, చల్లగా ఉంటుంది కానీ వేలికి అంటదు. అమ్మ నాకు నేర్పింది అదే. సారు అదంతా విన్నారు. విని, మూట నా చేతిలో పెట్టారు. "ఎప్పుడైతదో నువ్వే చెప్పు."

నేను చెప్పాను. అద్దింది కూడా నేనే. మొదట ఏమీ రాలేదు, ఊరికే బూడిద రంగు మరక. మూడో వరస అద్దేసరికి ఆ నల్లటి దాంట్లోంచి తెల్లగా ఒక 'శ్రీ' లేచి వచ్చింది. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో రాయడానికి ఇప్పటికి చాలాసార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ ఎక్కువ చెప్పినట్టే అవుతోంది. ఒళ్లు గగుర్పొడిచింది, అంతవరకే నిజం.

చదవడం వేరే పని, దానికి ఆ చలికాలమంతా పట్టింది. స్కూలు వరండాలో అచ్చు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, రోజుకి ఒక వరస. మాటకీ మాటకీ నడుమ ఖాళీ ఉండదు, అంతా ఒకటే గొలుసు, వరస చివర రాయి అయిపోతే మాట సగంలో విరిగి కింది వరసలోకి దూకుతుంది. ఎ, ఏ లకు తేడా చూపించరు, ఒ, ఓ లకూ అంతే, సందర్భాన్ని బట్టి మనమే పలకాలి. చెఱువు అన్న మాటలో బండి ఱ కనపడగానే మేం ముగ్గురం కేకలు పెట్టాం. అప్పటిదాకా ఆ అక్షరం వర్ణమాల చార్టులో పనీపాటా లేకుండా కూర్చున్న ముసలాయన లాంటిది, ఇక్కడేమో ఉద్యోగం చేస్తోంది! భూమిని మర్తురులలో కొలిచారు. మర్తురు అంటే ఎన్ని ఎకరాలు సార్ అంటే, ఊరూరికీ మారుతుంది, ఇక్కడ ఎంతో ఈ రాయి చెప్పడం లేదు అన్నారు. చివర్లో సంస్కృత శ్లోకం. తాను ఇచ్చిందైనా సరే, ఇతరులు ఇచ్చిందైనా సరే, దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. చాలా శాసనాల్లో ఈ శ్లోకమే ఉంటుందట. సారు దాన్ని అర్థం చెప్పిన తీరుకి మగపిల్లలు వారం రోజులు నవ్వారు, ఒకరి పెన్ను ఒకరు తీసుకుంటే చాలు 'అరవై వేల ఏండ్లురా' అనుకునేవాళ్లు.

అసలు చిక్కు నాలుగో వరసలో. చెరువు తవ్వించిన మనిషి పేరు ఉండాల్సిన చోట రాయి పెచ్చు ఊడిపోయింది. సారు స్కేలు పెట్టి, అటూ ఇటూ అక్షరాల వెడల్పు కొలిచి, ఏడు అక్షరాలు పోయి ఉంటాయని లెక్క తేల్చారు. పూర్తి పాఠం తెల్లకాగితం మీద రాసి స్కూలు నోటీసు బోర్డుకు పెట్టారు. నాలుగో వరసలో ఏడు చుక్కలు.

ఊళ్లో దాని మీద పెద్ద లొల్లే అయింది. మొదట వచ్చినవాళ్లు అడిగింది 'బంగారం ఎక్కడున్నదని రాసిండ్రు సారూ' అని. లేదని తెలిశాక, రెండు పెద్ద ఇళ్లవాళ్లు వేర్వేరుగా వచ్చి ఆ చెరువు తవ్వించింది తమ పూర్వీకులేనని, ఆ మాట రాయమని. ఒకాయన చాలా మర్యాదగానే అడిగారు, స్కూలుకు బీరువా కొనిస్తామని కూడా అన్నారు, మా స్కూల్లో అప్పుడు బీరువా లేదు. సారు ఆయనకు చాయ్ తెప్పించి, అచ్చు ముందు పరిచి, "అన్నా, మీరే చదువుండ్రి, మీకు కనబడ్డదే రాస్త" అన్నారు. ఆయన చాలాసేపు వంగి చూసి, చాయ్ తాగి, వెళ్లిపోయారు. బీరువా రాలేదు.

ఆ ఫిబ్రవరిలో, 2003, రెండో శనివారం సెలవు చూసి సారు మమ్మల్ని హనుమకొండ తీసుకెళ్లారు. కరీంనగర్ వెళ్లి బస్సు మారి, హుజూరాబాద్ మీదుగా. వెయ్యి స్తంభాల గుడి నేను అంతకుముందు పుస్తకంలో బొమ్మగా చూసిందే. అప్పటికింకా కల్యాణమండపం విప్పలేదు (తర్వాత రాయి రాయి విడదీసి, చాలా ఏళ్లు పట్టి, 2024లో తిరిగి తెరిచారు). అందరూ నందినీ స్తంభాల నునుపునూ చూస్తుంటే సారు మమ్మల్ని నేరుగా శాసనం ముందు నిలబెట్టారు. కాకతీయ రుద్రదేవుడు వేయించింది, పద్యాలు రాసినవాడు అచింతేంద్రుడు, కాకతీయులు ఇక ఎవరి కిందా సామంతులు కాదని మనకు తెలిసేది దీనివల్లే. తేదీ భాగం చూపించి లెక్క కట్టమన్నారు. శక సంవత్సరం 1084. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అప్పటికే నేర్పి ఉన్నారు, నేను టక్కున 1162 అన్నాను.

"పుస్తకాలల్ల 1163 అని ఉంటది మరి. పుస్తకం తప్పా, నువ్వు తప్పా?"

నేనే తప్పని ఒప్పుకోబోతుంటే, ఊరికే ఒప్పుకోవద్దు, ఎక్కడ తప్పో చెప్పు అన్నారు. పావుగంట అక్కడే నిలబెట్టారు. ఎండ మొదలైంది, మగపిల్లలు బఠానీలు కొనుక్కోవడానికి జారుకున్నారు. చివరికి ఆయనే ఒక మాట అందించారు, "నెల ఏందో చదువు" అని. మాఘం. ఉగాదికి మొదలైన సంవత్సరంలో మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరులో జనవరి వచ్చేస్తుంది, సంవత్సరం మారిపోతుంది, అంటే ఇక్కడ 78 కాదు, 79 కలపాలి. 1163 జనవరి 19. వారం పేరు వడ్డవారం అని ఉంది, అంటే శనివారం.

"ఇయ్యాల ఏం వారం?" అన్నారు.

శనివారం.

"ఏం నెల?"

మాఘం.

"ఏం సంవత్సరం నడుస్తున్నది? ఉగాది నాడు పంచాంగం విన్నవు గదా."

చిత్రభాను. శాసనంలో ఉన్నదీ చిత్రభానే. అరవై ఏళ్ల చక్రం పద్నాలుగు సార్లు తిరిగి, సరిగ్గా అదే పేరు మీదికి వచ్చి నిలబడింది, 840 ఏళ్లు. సారు ఆ నెల కోసమే, ఆ వారం కోసమే ఆగి తీసుకొచ్చారని అప్పుడు అర్థమైంది. ఆయన మాత్రం ఏమీ తెలియనట్టు బఠానీల పొట్లం కోసం చేయి చాపారు.

మా ఇంటికి దగ్గరలోని కురిక్యాలకు, బొమ్మలగుట్టకు, ఆ తర్వాత ఎండాకాలంలో వెళ్లాం, ఇంత దగ్గరలో ఉన్నది చివరికి చూడటం మన అలవాటే కదా. గుట్ట మీద నిలువు బండకు జైన తీర్థంకరులు, చక్రేశ్వరి బొమ్మలు, వాటి దగ్గర జినవల్లభుడు వేయించిన శాసనం. ఈయన కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు, వేములవాడ చాళుక్యుల కాలం, పదో శతాబ్దం. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలూ ఒకే బండ మీద. తెలుగులో మూడు కంద పద్యాలు, నన్నయ కంటే ముందువి. 'జినభవనము లెత్తించుట' అని సారు రాగం తీసి చదువుతుంటే గణాలు వేళ్ల మీద లెక్క పెట్టాం. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీ కొట్టిన కందం లక్షణం కొండ మీద రాతిలో పనిచేస్తూ దొరికింది. ఐదేళ్ల తర్వాత, 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు కురిక్యాల పేరు అందరి నోటా వినపడింది. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను, క్లాసులో 'అది మా పక్క ఊరే' అని అరవకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

ఇక చదువు సంగతి. పదో తరగతి 2005లో ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇంట్లో ఆపేద్దామనే అనుకున్నారు, నాన్నది మొండి మనిషి కాదు, డబ్బు లేదు, అంతే. సారు ఇంటికి వచ్చారు. నాకోసం పెద్ద ప్రసంగం చేస్తారనుకుని గోడ వెనక నిలబడి వింటే, ఆయన అమ్మతో అరగంట సేపు తునికాకు గురించే మాట్లాడారు, ఎన్ని గంటలు నానబెడతారు, వానాకాలం ఎట్లా, అని. లేచేటప్పుడు మాత్రం, "చెల్లె, నీ బిడ్డకు నువ్వు నేర్పిన చెయ్యి ఉన్నది, దానికి నాలుగు అక్షరాలు ఎక్కువ తోడైతే ఏం పోతది" అన్నారు. అమ్మ ఆ రాత్రి నాన్నతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు, కరీంనగర్‌లో ఇంటర్‌లో చేరాను. హెచ్‌ఈసీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్. ఆ రోజుల్లో హెచ్‌ఈసీ అంటే 'అయ్యో, మార్కులు తక్కువ వచ్చినయా' అని జాలిగా చూసేవాళ్లు. ఎంపీసీలో సీటొచ్చే మార్కులు ఉన్నాయని చెప్పినా నమ్మరు.

డిగ్రీ తర్వాత కాకతీయ యూనివర్సిటీలో పీజీ ఎంట్రన్స్ రాసి ఎం.ఏ. హిస్టరీలో చేరాను, 2010. హాస్టల్ గురించి, ఉద్యమం రోజుల గురించి రాయాలంటే అది వేరే కథ. చేరిన మొదటి నెలలోనే లైబ్రరీలో జిల్లాలవారీగా అచ్చైన శాసనాల సంపుటాలు వెతికాను. కరీంనగర్ జిల్లా సంపుటం తీసి, చేతులు వణుకుతుండగా మా ఊరి పేరు కోసం చివరిదాకా చూశాను. లేదు. మా బండ ఎక్కడా ఎక్కలేదు. సారుకు ఫోన్ చేసి చెప్తే బాధపడతారనుకున్నాను. "అయితే దాని పాఠం మన నోటీసు బోర్డు మీద తప్ప ఏడ లేదన్నట్టు" అని, గొంతులో కొంచెం సంతోషం కూడా వినిపించింది నాకు.

ఆ సంపుటాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది చుక్కలే. రాయి విరిగిన చోట, అరిగిన చోట, ఎంతో చదువుకున్న పండితులు కూడా చుక్కలు పెట్టి వదిలేశారు. అనుమానం ఉన్న అక్షరాన్ని కుండలీకరణంలో పెట్టారు. పరబ్రహ్మశాస్త్రి గారి వంటి వాళ్లు కాకతీయుల చరిత్రంతా కట్టింది ఇలాంటి చుక్కలు నిండిన పాఠాల మీదే. మా క్లాసులో అందరికీ ఆ పేజీలు బోర్, నేనొక్కదాన్నే వాటిని బొమ్మల పుస్తకంలా తిరగేసేదాన్ని.

లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. పీహెచ్‌డీ అనే మాట ఇంట్లో ఎత్తే పరిస్థితి లేదు. 2014లో వీఆర్వో పరీక్ష రాస్తే ఉద్యోగం వచ్చింది. సారుకు చెప్పడానికి సిగ్గేసింది, ఇంత చేసి పహాణీలు రాసుకునే ఉద్యోగమా అంటారేమోనని. ఆయన పగలబడి నవ్వారు. "ఎవరికి ఎంత భూమి అని రాసుడే గదనే, శాసనం అంటే మాత్రం ఏంది?"

ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది ఒక పాత రికార్డు నా ముందుకు వచ్చింది. చెదలు తిన్న పేజీ. సర్వే నంబరు ఉంది, ఎకరాలు గుంటలు ఉన్నాయి, అనుభవదారు పేరు ఉండాల్సిన గడిలో సగం లేదు. మిగిలిన సగంతో రెండు పేర్లు కుదురుతాయి, ఇద్దరి పిల్లలూ ఊళ్లోనే ఉన్నారు. ఒక పక్షం వాళ్లు ఇంటికి వచ్చారు, పైనుంచి ఫోన్లు చేయించారు, 'ఏముందమ్మా, ఆ పేరే అయి ఉంటుంది, అందరికీ తెలిసిందే' అని. నిజంగా ఆ పేరే అయి ఉండొచ్చు. నాకూ అలాగే అనిపించింది, అదే కష్టం. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. మూడో రోజు రిపోర్టులో 'సదరు గడిలో పేరు చెదలు తిన్నందున చదవరావడం లేదు' అని రాసి సంతకం పెట్టాను. తర్వాత నాలుగు నెలలు నాతో ఎవరెవరు ఎలా మాట్లాడారో ఇక్కడ రాయను. ఆ కేసు కోర్టుకు పోయింది, ఏమైందో నేను బదిలీ అయ్యాక కనుక్కోలేదు.

2020లో వీఆర్వో వ్యవస్థే రద్దయింది, 2022లో లాటరీ తీసి మమ్మల్ని వేరే వేరే శాఖల్లో సర్దారు. ఇప్పుడు నేను చేసే పనికి భూమితో గానీ రాళ్లతో గానీ ఏ సంబంధం లేదు, ఆఫీసులో కూర్చుని ఫైళ్లు ఎంట్రీ చేస్తాను. కానీ ఆదివారాలు నావి. స్కూటీకి ఒక సంచి వేలాడుతుంది, మా అపార్ట్‌మెంట్ వాళ్లు దాన్ని అనుమానంగా చూస్తుంటారు.

గత నెల ఊరికి వెళ్లినప్పుడు, అమ్మకు మందులు ఇచ్చి, సాయంత్రం చెరువు కట్ట మీదికి నడిచాను. గుంత పూడ్చి బండను నిలబెట్టి చుట్టూ చిన్న గద్దె కట్టారు, అంతవరకు మంచిదే, కింది వరస సిమెంటులో మునిగింది. పొద్దు గుంకే వేళ ఎండ పక్క నుంచి పడుతోంది. నాలుగో వరస, ఏడు చుక్కల చోటు. ఫోన్ లైటు కూడా రాయికి ఆనించి ఏటవాలుగా పట్టాను. పెచ్చు ఊడిన చోట మొదటి రెండు అక్షరాల దగ్గర ఏమీ లేదు, మూడో దాని దగ్గర మాత్రం పెచ్చు కింద దాకా పోలేదు, గాడి అడుగు సన్నగా మిగిలి ఉంది. ఒక గుండ్రం, పక్కన కొమ్ము. మ. ఇరవై ఏళ్లుగా చుక్క అనుకున్నది మ!

అక్కడి నుంచే సారుకు ఫోన్ చేశాను. కరీంనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు, రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది, వినికిడి కొంచెం తగ్గింది. రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, గుడి దగ్గర కూర్చున్న ముసలాళ్లు నావైపు తిరిగారు.

అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "మ ఉన్నదా, మ ఉంటే బాగుండునని చూసినవా?" అన్నారు.

వెంటనే ఉందనే చెప్పబోయాను. మళ్లీ వంగి చూశాను. ఎండ అప్పటికే కట్ట దిగిపోయింది. ఫోన్ లైటును ఎడమ నుంచి పడితే మ లాగే ఉంది, కుడి నుంచి పడితే ఆ కొమ్ము రాతి గీతలాగా కూడా ఉంది.

"రేపటి ఆదివారం కాదు, పై ఆదివారం మళ్లొస్త సార్" అన్నాను.

"నాలుగున్నరకు ముందు పోకు. ఎండ నెత్తి మీదుంటే ఏం కనబడది" అన్నారు, ఎనిమిదో తరగతి పిల్లకు చెప్పినట్టే.